బెంగళూరు మిద్దె మీద మిరప: పచ్చగా ఉన్న మొక్క పూత ఎందుకు రాల్చేస్తోంది?

క్లుప్తంగా: మార్చి, ఏప్రిల్ నెలల్లో బెంగళూరు మిద్దెల మీద మిరప మొక్క ఏపుగా ఉండి కూడా కాయ పట్టకపోతే చాలాసార్లు దానికి తెగులు కారణం కాదు. సంక్రాంతి ప్రాంతంలో విత్తిన మొక్క ఏడాది మొత్తంలో అతి వేడిగా ఉండే వారాల్లోనే పూతకు వస్తుంది, ఆ వేడికి పుప్పొడి పాడై పూలు రాలిపోతాయి. దీనికి మందుల కన్నా విత్తే తేదీ మార్చుకోవడం, కుండీలోని మట్టిని చల్లగా ఉంచుకోవడం ఎక్కువగా పనిచేస్తాయి. ఎందుకో ఈ వ్యాసంలో వివరంగా చూద్దాం.

ఏటా ఏప్రిల్‌లో బెంగళూరు తెలుగు ఇళ్లలో ఒకే రకమైన టెన్షన్ కనిపిస్తుంది. ఉగాది పచ్చడిలోకి ఇంట్లో కాసిన మిరపకాయ వేద్దామని జనవరిలోనే గింజలు వేస్తారు, మొక్క మోకాలెత్తు పెరుగుతుంది, తెల్లటి పూలు గుత్తులుగా వస్తాయి, ఆ తర్వాత వారం తిరిగేసరికి కుండీ చుట్టూ నేల మీద పూలే పూలు. తొడిమ పసుపు రంగుకు తిరిగి, వేలితో ముట్టుకుంటే ఊడి వచ్చేస్తుంది. వెంటనే ఒకరు వేపనూనె కొట్టమంటారు, ఒకరు పుల్లటి మజ్జిగ చల్లమంటారు, ఇంకొకరు ఎరువు చాలలేదంటారు. మూడూ చేసినా పూత రాలడం ఆగదు. ఒక రోజు గట్టి వాన పడితే ఇక కుదురుకుంటుందని ఆశ పడతారు, వాన తర్వాత కూడా వారం పది రోజులు రాలుతూనే ఉంటుంది. అసలు గందరగోళం ఇక్కడే మొదలవుతుంది.

ఈ ఊరి ఎండాకాలం లెక్క వేరు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన సామెత. అంటే మే చివరి వారం, జూన్ మొదటి వారం. గుంటూరుకో, కడపకో, అనంతపురానికో అది సరిగ్గా సరిపోతుంది. బెంగళూరుకు సరిపోదు. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో వేడికి పరాకాష్ఠ ఏప్రిల్. సగటున పగలు 34 డిగ్రీల దాకా, రాత్రి 21, 22 దాకా ఉంటుంది. మే వచ్చేసరికి సాయంత్రం ఉరుముల వానలు మొదలై వేడిని కోసేస్తాయి, జూన్ మధ్యకల్లా పగటి వేడి 29 దగ్గరికి దిగుతుంది. రోళ్లు పగలాల్సిన కార్తెకు ఇక్కడ ఒక్కోసారి దుప్పటి కప్పుకోవాల్సి వస్తుంది. కన్నడ రైతుల సామెత కూడా దీనికి తగ్గట్టే ఉంది: భరణి వాన పడితే ధరణి అంతా పంట అంటారు. భరణి కార్తె ఏప్రిల్ చివర్లో వస్తుంది. మామిడి జల్లులని మనం పిలిచే వానలు ఈ చుట్టుపక్కల పడేదీ ఆ రోజుల్లోనే.

సగటు లెక్క ఇది. ఏ ఒక్క ఏడాదీ సగటుగా నడవకపోవడమే మిద్దె తోట వాళ్లకు వచ్చిన చిక్కు. 2016 ఏప్రిల్‌లో బెంగళూరులో 39.2 డిగ్రీలు నమోదైంది. 2024 ఏప్రిల్ 28న 38.5 డిగ్రీలు. ఆ నెలంతా నగరంలో దాదాపు చుక్క వాన లేదు, కానీ ఐదు వారాలు తిరగకుండానే జూన్ 2న ఒక్క రోజులో 111 మిల్లీమీటర్లు కురిసింది. జూన్ నెలలో ఒక రోజు వానకు సంబంధించి అది 133 ఏళ్ల రికార్డు. అటు ముందు 2023లోనూ, ఆ తర్వాత 2025లోనూ మే నెల వాన 300 మిల్లీమీటర్లు దాటింది, మామూలుగా మేలో పడేది 130కి కాస్త అటూ ఇటూ. 2023 మే 21న వడగళ్లు కూడా పడ్డాయి. ఒకే కుండీలో ఒకే మొక్క నాలుగు నెలల్లో ఇవన్నీ చూడాల్సి వస్తోంది.

పూత రాలడం వెనుక జరిగేది

మిరప వేడి దేశపు మొక్క కాబట్టి ఎండ ఎంతైనా తట్టుకుంటుందని ఒక నమ్మకం ఉంది. సగం నిజమే. ఆకులు, కాడ 38 డిగ్రీల్లో కూడా బతుకుతాయి. పువ్వు అంత గట్టిది కాదు. పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి 24 దగ్గర నిలబడిపోతే పిందె కట్టడం బాగా తగ్గిపోతుంది. రాత్రి 16 నుంచి 21 మధ్య ఉన్నప్పుడు మొక్క హాయిగా కాస్తుంది. మరీ చలి పడినా, అంటే రాత్రి 13, 14 డిగ్రీలకు దిగినా పుప్పొడి సరిగ్గా తయారవదు, కాకపోతే బెంగళూరులో ఆ బాధ డిసెంబర్, జనవరి నెలల్లో కొన్ని రాత్రులకే పరిమితం.

పగటి వేడి కన్నా రాత్రి వేడి గురించి ఎక్కువగా ఎందుకు చెప్పుకోవాలంటే, మొక్క పగలంతా ఆకుల్లో తయారు చేసుకున్న చక్కెరను రాత్రిపూట పెరుగుదలకీ, పూలకీ, పిందెలకీ పంచుతుంది. రాత్రి వేడిగా ఉంటే శ్వాసక్రియ వేగం పెరిగి ఆ చక్కెరలో ఎక్కువ భాగం ఊరికే ఖర్చయిపోతుంది. మిగిలింది అన్నిటికీ చాలదు. అప్పుడు మొక్క ముందుగా వదులుకునేది పువ్వునే, ఎందుకంటే ఆకు పోతే రేపటి తిండి పోతుంది, పువ్వు పోతే ఇంకో పువ్వు పూయొచ్చు. తొడిమ మొదట్లో ఒక సన్నని కణాల పొర ఉంటుంది. పువ్వు నుంచి కిందికి ఆక్సిన్ అనే హార్మోను దిగుతూ ఉన్నంత కాలం ఆ పొర గట్టిగా ఉంటుంది. ఆ ప్రవాహం తగ్గి, ఇథిలీన్ అనే మరో హార్మోను పెరగ్గానే పొర విడిపోతుంది. తొడిమ పసుపు రంగుకు తిరగడం దీనికి ముందు గుర్తు.

ఇంకో సంగతి తెలిస్తే వాన తర్వాత కూడా పూత ఎందుకు రాలుతుందో అర్థమవుతుంది. పుప్పొడి పువ్వు విచ్చుకున్న రోజున తయారయ్యేది కాదు. అంతకు పది పదిహేను రోజుల ముందే, మొగ్గ గింజంత ఉన్నప్పుడే దాని తయారీ జరిగిపోతుంది. ఆ దశలో వేడి తగిలితే పువ్వు చూడ్డానికి అందంగానే విచ్చుకుంటుంది, లోపల పుప్పొడి మాత్రం చచ్చిపోయి ఉంటుంది. అంటే ఈ రోజు రాలుతున్న పువ్వు రెండు వారాల కిందటి ఎండకు లెక్క చెబుతోందన్నమాట. నిన్నటి వానకూ దానికీ సంబంధం లేదు. అందుకే వాతావరణం చల్లబడిన రోజు నుంచి కనీసం రెండు వారాలు ఓపిక పట్టాలి. ఆ రెండు వారాల్లోనే చాలామంది మందు మీద మందు కొట్టి, చివరికి కాయ పట్టినప్పుడు ఆఖరున కొట్టిన మందుకు పేరు కట్టబెడతారు. మజ్జిగకు ఇంత మంచి పేరు రావడంలో ఈ యాదృచ్ఛికానికి పెద్ద వాటాయే ఉంది.

సగం చచ్చిన పుప్పొడితో కట్టిన కాయలు కూడా కొన్ని నిలబడతాయి. అవి పొట్టిగా, వంకరగా, లోపల నాలుగైదు గింజలతో ఉంటాయి. ఏప్రిల్ కాయ వంకర తిరిగిందంటే విత్తనం నాసిరకమని తేల్చేయకూడదు, అదే మొక్క జూలైలో తిన్నని కాయలు ఇస్తుంది.

పొడిగాలి సంగతి కూడా ఉంది. మార్చి మధ్యాహ్నాల్లో బెంగళూరు గాలిలో తేమ బాగా పడిపోతుంది, పువ్వు మధ్యలో పుప్పొడిని పట్టే కొస, అంటే కీలాగ్రం, ఎండిపోయి పుప్పొడి అంటుకోదు. మిరప తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందే మొక్క కాబట్టి తేనెటీగ రాకపోయినా నడుస్తుంది, కానీ గాలి కదలిక కావాలి. గాజు తలుపులు మూసిన అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో పొద్దున తొమ్మిది, పది గంటల వేళ కొమ్మను వేలితో నాలుగుసార్లు తట్టడం వల్ల కొంత లాభం ఉంటుంది. పుప్పొడి బతికి ఉంటేనే సుమా.

గుంటూరులో పూత ఎప్పుడు?

మిరప అంటే ఎండాకాలమే గుర్తుకు రావడానికి కారణం కళ్లాలు, మార్కెట్ యార్డు. ఎర్రటి కాయలు ఎండలో పరిచి ఉండటం, గుంటూరు యార్డుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు (మిరప బస్తాలు) పోటెత్తడం అందరికీ తెలుసు. మే నెలలో ఆ యార్డుకు సెలవులు ఇస్తారన్నదీ తెలుసు. కానీ ఆ కాయ పూతగా ఉన్నది ఎప్పుడు? గుంటూరు, పల్నాడు రైతు ఆగస్టు, సెప్టెంబర్‌లో నారు నాటుతాడు, పూత అక్టోబర్ నుంచి జనవరి దాకా, అంటే రాత్రులు చల్లబడిన రోజుల్లో వస్తుంది. ఎండాకాలం అతనికి కోతకూ, ఎండబెట్టడానికీ పనికొచ్చే కాలం. ఏప్రిల్ ఎండలో కాయ పట్టమని అతను మొక్కను అడగడు. మిద్దె తోట వాళ్లు అడుగుతున్నారు. ఇది గమనిస్తే సగం సమస్య తేదీల్లోనే ఉందని తెలిసిపోతుంది.

చెన్నైలో ఉన్న తెలుగు వాళ్లకు పరిస్థితి ఇంకా కష్టం. అక్కడ మేలో రాత్రి వేడే 27, 28 డిగ్రీల దగ్గర ఉంటుంది, సముద్రపు గాలి వల్ల తేమ ఉన్నా రాత్రి చల్లబడదు. చెన్నైలో పెద్ద కాయల రకాలకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకానే మంచి పూత కాలం, దానికోసం ఆగస్టు, సెప్టెంబర్‌లో విత్తుకోవాలి, మధ్యలో ఈశాన్య రుతుపవనాల వానల నుంచి కాపాడుకోవాలి. బెంగళూరు వాళ్లకు అదృష్టం ఏమిటంటే, ఇక్కడ పూతకు అనువైన కాలాలు రెండు: ఫిబ్రవరి నుంచి మార్చి మొదటి సగం దాకా ఒకటి, జూన్ మధ్య నుంచి అక్టోబర్ దాకా ఇంకొకటి. రెండోదే పెద్దది, నమ్మదగ్గది.

సంక్రాంతి గింజ, ఉగాది గింజ

మామూలు పచ్చిమిర్చి రకాలకు గింజ నుంచి నాటే దాకా నలభై నుంచి యాభై రోజులు, నాటిన తర్వాత మొదటి పూతకు మరో నలభై రోజులు పడుతుంది. మిరప గింజకు 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. అది దొరికితే వారం, పది రోజుల్లో మొలకెత్తుతుంది. జనవరి మధ్యలో బెంగళూరు రాత్రులు 15, 16 డిగ్రీలు కాబట్టి అదే గింజ రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాలు తీసుకుంటుంది. లెక్క వేయండి. సంక్రాంతికి వేసిన గింజ జనవరి నెలాఖరుకు మొలుస్తుంది, మార్చి మొదట్లో కుండీలోకి వెళుతుంది, ఏప్రిల్ రెండో వారానికి పూతకొస్తుంది. ఏడాది మొత్తంలో అంతకన్నా చెడ్డ వారం ఏరి తెచ్చుకుందామన్నా దొరకదు.

ఉగాది కాయ కావాలనుకునేవారు అక్టోబర్ చివరా, నవంబర్ మొదట్లో విత్తాలి. అప్పుడు నారు డిసెంబర్‌లో కుండీకి చేరి, చలికి కాస్త నెమ్మదిగా పెరిగి, ఫిబ్రవరిలో పూస్తుంది. పువ్వు నుంచి పచ్చికాయ కోతకు ముప్పై అయిదు, నలభై రోజులు కాబట్టి మార్చి చివరికి కాయ చేతికొస్తుంది. కాయ ఒకసారి కట్టాక ఏప్రిల్ ఎండను బాగానే తట్టుకుంటుంది. ఎండ సూటిగా పడే వైపు కాయ తోలు తెల్లబడి పొరలా అయ్యే ఎండదెబ్బ ఒక్కటి చూసుకోవాలి, ఆకుల నీడ ఉంటే అదీ తగలదు.

ఉగాదికి, అంటే మార్చి చివరా ఏప్రిల్ మొదట్లో గింజ వేస్తే వెచ్చదనానికి చకచకా మొలుస్తుంది. వేడి కాలమంతా నారు దశలో, నీడలో గడిచిపోతుంది. చిన్న ట్రేలో ఇరవై మొక్కలను నీడలో కాపాడటం, ఇరవై కుండీలను ఎండ నుంచి కాపాడటం కన్నా ఎంత సులువో వేరే చెప్పనక్కర్లేదు. మే రెండో సగంలో నాటితే జూన్ చివర, జూలై మొదట్లో పూత. పగలు 28, రాత్రి 20. మిరప కోరుకునే వాతావరణం సరిగ్గా అదే. సంక్రాంతి విత్తనాన్ని వదిలేసి ఈ రెండు తేదీలకు మారడం ఖర్చు లేని పని, మిగతా చిట్కాలన్నిటి కన్నా దీని ప్రభావమే ఎక్కువ.

అతి ఘాటు రకాలకు లెక్క మళ్లీ మారుతుంది. భూత్ జొలోకియా లాంటివి వేరే జాతివి. గింజ మొలవడానికే రెండు నుంచి నాలుగు వారాలు, పూత రావడానికి నాలుగు నెలల పైన. వీటిని జనవరిలో ఇంట్లో వెచ్చని చోట, ఫ్రిజ్ మీదో, సెట్‌టాప్ బాక్స్ పక్కనో పెట్టి మొలిపిస్తే మేలో, జూన్‌లో పూతకు వస్తాయి. వేడి, తేమ రెండూ ఉన్న ఈశాన్య రాష్ట్రాల మొక్క కాబట్టి దానికి ఏప్రిల్ పొడిగాలి పడదు, జూలై ముసురు పడుతుంది. సంక్రాంతి విత్తనం పనికొచ్చేది ఈ ఒక్క కుటుంబానికే.

కుండీలో వేరు పడే బాధ

వాతావరణ శాఖ చెప్పే 36 డిగ్రీలు నీడలో, గాలి ఆడే పెట్టెలో ఉన్న థర్మామీటరు చూపించేది. మిద్దె మీది నల్ల గ్రో బ్యాగ్ ఆ లెక్కలో లేదు. మధ్యాహ్నం మూడు గంటల ఎండ పక్క నుంచి కొడితే బ్యాగ్ గోడను ఆనుకున్న మట్టి 45 డిగ్రీలు దాటడం మామూలే, కుండీ మొక్కకు వేర్లలో పెద్ద భాగం ఉండేది ఆ గోడ పక్కనే. నేలలో పెరిగే మొక్క వేరు ఇంకో అడుగు లోతుకు పోయి చల్లదనం వెతుక్కుంటుంది. కుండీ వేరుకు ఆ దారి లేదు. అది కాలితే పనిచేయడం మానేస్తుంది, తడి మట్టిలో కూడా ఆకు వాలిపోతుంది. దానికి తోడు కాంక్రీటు స్లాబు పగలంతా తాగిన వేడిని రాత్రి పదకొండింటి దాకా వదులుతూనే ఉంటుంది. అంటే ఊరికి రాత్రి 22 డిగ్రీలైతే మిద్దె మీది మొక్కకు 24, 25. పక్కవీధిలో నేల మీద ఉన్న మొక్క కాస్తూ మిద్దె మీది మొక్క రాల్చేయడానికి ఈ రెండు డిగ్రీల తేడా చాలు.

ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది, పెద్ద ఖర్చు కూడా లేదు. బ్యాగ్‌ను నేల మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీద పెడితే స్లాబు వేడి తగ్గుతుంది, అడుగు నుంచి నీరు కూడా బాగా దిగుతుంది. నల్ల బ్యాగ్ చుట్టూ పాత తెల్ల పంచె గుడ్డో, గోనెసంచో చుట్టాలి. కుండీలను విడివిడిగా వరసలో కాకుండా గుంపుగా పెడితే ఒకదాని నీడ ఇంకొకదాని గోడ మీద పడుతుంది. మట్టి పైన రెండు అంగుళాల మందం ఎండాకులో, కొబ్బరి పీచో పరిస్తే ఆవిరి తగ్గుతుంది. కుండీ పరిమాణం కూడా ముఖ్యమే: 12 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్నదాంట్లో ఒక్క మొక్కే ఉండాలి. నర్సరీ నుంచి తెచ్చిన ఆరంగుళాల కవర్‌లో మిరప బతుకుతుంది, కాయదు.

షేడ్ నెట్ విషయంలో తొందరపాటు ఎక్కువ కనిపిస్తోంది. సిద్దాపుర నర్సరీల్లో అడిగితే సాధారణంగా 50 శాతం, 75 శాతం ఆకుపచ్చ వల చూపిస్తారు. రోజుకు ఆరు గంటల ఎండ కావాల్సిన మిరపకు 75 శాతం నీడ వేస్తే మొక్క సన్నగా సాగి పూత మానేస్తుంది. 35 శాతం నెట్ దొరికితే మేలు. 50 శాతమే ఉంటే పడమటి వైపు నిలువుగా, తెరలా కట్టి, మధ్యాహ్నం రెండు తర్వాతి ఎండను మాత్రం ఆపాలి. పొద్దుటి ఎండ పూర్తిగా తగలనివ్వాలి. జూన్‌లో మబ్బు పట్టగానే నెట్ తీసేయాలి, చాలామంది దీన్ని మరిచిపోతారు.

నీళ్లు ఎక్కడి నుంచి తేవాలి

ఎదిగిన మిరప మొక్క ఏప్రిల్‌లో రోజుకు లీటరు నుంచి రెండు లీటర్ల నీళ్లు తాగుతుంది. పది కుండీలకు ఒక బిందె పైమాటే. 2024 మార్చిలో నీటి కరువు ముదిరినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకూ, కార్లు కడగడానికీ వాడకూడదని నిషేధం పెట్టింది, అయిదు వేల రూపాయల జరిమానా అంది.  అలాంటప్పుడు మిద్దె తోటకు దిక్కు ఇంట్లో పారపోసే నీళ్లే. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు నిరభ్యంతరంగా పోయొచ్చు. ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి అదీ మంచిదే. వాటర్ ప్యూరిఫయర్ బయటికి వదిలే నీటిలో మాత్రం లవణాలు బాగా ఎక్కువగా ఉంటాయి. బోరు నీళ్లు ముందే కఠినంగా ఉండే వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఇళ్లలో ఆ నీళ్లే రోజూ పోస్తే నెల రోజుల్లో మట్టి మీద తెల్లటి పొర, ఆకు అంచుల్లో మాడు కనిపిస్తాయి. తప్పనిసరైతే రెండొంతులు మంచి నీళ్లు కలిపి పోయాలి, వానాకాలంలో ఆ మట్టిని ఒకసారి బాగా తడిసిపోనివ్వాలి.

ఎంత పోస్తున్నామన్న దానికన్నా ఒకే తీరుగా పోయడం ముఖ్యం. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచేస్తే కాయ అడుగు భాగం నల్లబడి మెత్తబడుతుంది. కాల్షియం తక్కువైందని గుడ్డు పెంకుల పొడి వేస్తుంటారు. బోరు నీళ్లలో కాల్షియానికి కొదవ లేదు, అది నీటితో పాటే కాయ చివరికి చేరాలి, నీటి సరఫరా తెగినప్పుడు ఆ కొసకే ముందుగా అందకుండా పోతుంది. గుడ్డు పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది, ఈ కాయకు అది అందదు. మధ్యాహ్నం ఆకు వాలిందని వెంటనే నీళ్లు పోయడం ఇంకో అలవాటు. మట్టిలో వేలు రెండు అంగుళాలు దింపి చూడాలి. తడి ఉంటే ఆగాలి, సాయంత్రం ఆరింటికి ఆకు దానంతట అదే లేస్తుంది.

ముడతలో మూడు రకాలు

ఎండాకాలపు రెండో పెద్ద ఫిర్యాదు ఆకుముడత. మన రైతులు దీన్ని చూపుతోనే విడదీస్తారు, మిద్దె తోటల్లో ఆ భాష పోయింది, అన్నిటినీ కలిపి వైరస్ అనేస్తున్నారు. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే పై ముడత, అది తామర పురుగు పని. అంచులు కిందికి వంగి, ఆకు తొడిమ సాగి, తిరగేసిన పడవలా ఉంటే కింది ముడత, నల్లి పని. ఆకులు చిన్నవై, పసుపు మచ్చలతో గుబురుగా గిడసబారి మొక్క పెరగడమే ఆగిపోతే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, బొబ్బర తెగులని అంటారు. తామర పురుగు పొడి వేడిలో విజృంభిస్తుంది, నాలుగు గట్టి వానలు పడితే చాలావరకు కొట్టుకుపోతుంది. మూడోదానికి మందు లేదు. మజ్జిగ గానీ, వేపనూనె గానీ, దుకాణంలో కొన్న ఖరీదైన సీసా గానీ వైరస్ పట్టిన మొక్కను బాగు చేయలేవు, పీకి కవర్‌లో కట్టి పారేయడమే పక్క మొక్కలకు మేలు.

తామర పురుగుల్లో ఇప్పుడు ఎక్కువ భయపెడుతున్నది పూలలో దూరే నల్ల రకం. ఇది మన దేశంలో మొదట కనిపించింది బెంగళూరులోనే, 2015లో బొప్పాయి మీద. 2021-22 పంటకాలంలో ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మిరప రైతులను నిండా ముంచింది. రాలిన పువ్వును తెల్ల కాగితం మీద తట్టి చూస్తే ఇవి సన్నటి నల్ల గీతల్లా పరుగెత్తుతాయి. పూత రాలడానికి కారణం ఎండా, పురుగా తేల్చుకోవడానికి ఇంత కన్నా సులువైన పరీక్ష లేదు. కాగితం మీద ఏమీ కదలకపోతే మందు సీసా పక్కన పెట్టేయొచ్చు. కదిలితే నీలి రంగు జిగురు అట్టలు వేలాడదీసి, లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం వేళ పువ్వు లోపల తడిసేలా కొట్టాలి. నల్లికి లీటరుకు మూడు గ్రాముల నీటిలో కరిగే గంధకం పనిచేస్తుంది, కానీ 32 డిగ్రీలు దాటిన రోజున అది ఆకును మాడ్చేస్తుంది. నూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం జోలికి అసలు పోకూడదు.

వాన పడిన మర్నాడు

నెల రోజుల ఎండ తర్వాత ఒకేసారి వంద మిల్లీమీటర్ల వాన పడితే కుండీలో రెండు పనులు జరుగుతాయి. మట్టిలోని నత్రజని నీటితో పాటు కిందికి కారిపోతుంది, వారంలో కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. అడుగున రంధ్రాలు మూసుకుపోయి ఉంటే వేర్లకు గాలి అందక ఊపిరాడదు. ఊపిరాడని వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి మొక్క వాలిపోతుంది, దాహమనుకుని ఇంకో చెంబు పోస్తారు. వాన మర్నాడు మొదట చేయాల్సింది కుండీ కింది ప్లేట్లు తీసేసి, రంధ్రాల్లో పుల్ల పెట్టి పొడవడం. వర్మీ కంపోస్ట్ గుప్పెడు వేయడానికి మూడు రోజులు ఆగొచ్చు, మట్టి ఊరుతుండగా వేసిన ఎరువు కూడా కొట్టుకుపోతుంది.

వడగళ్లకు కొమ్మలు చీలితే మొక్క పోయిందని పీకేయడం తొందరపాటు. చీలిన చోటుకు కింద ఉన్న కణుపు దగ్గర శుభ్రంగా కోస్తే మూడు వారాల్లో కొత్త చిగుళ్లు వస్తాయి. వాన తర్వాత కాయల మీద గుండ్రంగా లోపలికి కుంగిన మచ్చలు, కొమ్మ కొస నుంచి ఎండుతూ రావడం కనిపిస్తే అది కాయకుళ్లు తెగులు. ఆ కాయలను కోసి దూరంగా పడేయాలి, లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ ఒకసారి కొట్టాలి. కుళ్లిన కాయ గింజను మళ్లీ విత్తనానికి దాచకూడదు, తెగులు గింజతోనే వస్తుంది.

ఎండ పెరిగితే ఘాటు పెరుగుతుందా

చాలావరకు పెరుగుతుంది. ఘాటునిచ్చే క్యాప్సైసిన్ గింజలో తయారయ్యేది కాదు, గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి నరంలో తయారవుతుంది. మొక్కకు నీటి ఎద్దడి తగిలినప్పుడు అక్కడ దాని మోతాదు పెరుగుతుంది. నవంబర్‌లో విత్తి ఏప్రిల్‌లో కోసిన కాయ, అదే మొక్క ఆగస్టులో ఇచ్చిన కాయ కన్నా ఎక్కువగా మండటం అందుకే. అయితే ఎద్దడి ఘాటును కొంతవరకే పెంచుతుంది, రకం పెట్టిన హద్దును దాటించలేదు. హావేరి జిల్లా బ్యాడగి మిరప ఎంత ఎండినా రంగు ఇస్తుందే గానీ గుంటూరు సన్నం కారం ఇవ్వదు. ఘాటు కోసం మొక్కను మాడ్చేవాళ్లు కాయల సంఖ్య తగ్గించుకుంటున్నారని గుర్తుపెట్టుకోవాలి.

రకం ఎంచుకోవడానికి బెంగళూరు వాళ్లకు దగ్గర్లోనే ఒక మంచి చోటు ఉంది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇక్కడి వాతావరణంలోనే పెంచి విడుదల చేసిన అర్క రకాల గింజలు అమ్ముతుంది. వాటిలో అర్క లోహిత్ బాగా ఘాటైనది. పూత రాలడం గురించి మరీ బెంగ ఉన్నవాళ్లకు చిన్న కాయల కాంతారి రకం సరిపోతుంది. దాని కాయలు ఆకాశం వైపు నిలబడి ఉంటాయి, పెద్ద కాయల రకాలు చేతులెత్తేసే వేడిలో కూడా అది ఎంతో కొంత కాస్తుంది, ఒకే కుండీలో రెండు మూడేళ్లు బతుకుతుంది.

ఇప్పటికే ఏప్రిల్ పూతకు చిక్కిన మొక్క ఉంటే దాన్ని పీకాల్సిన పని లేదు. మిరప నిజానికి ఏళ్ల తరబడి బతికే మొక్క, పొలంలో ఏడాదికే తీసేస్తారు కాబట్టి మనకు అలా అలవాటైంది. ఏప్రిల్ అంతా దాన్ని పడమటి ఎండ నుంచి కాపాడుతూ, ఎరువు తగ్గించి, నీళ్లు మాత్రం క్రమంగా పోస్తూ రావాలి. మే మధ్యలో రెండు వానలు పడ్డాక కొమ్మలను మూడో వంతు కత్తిరించి, పై మట్టి రెండు అంగుళాలు తీసి కొత్త వర్మీ కంపోస్ట్ నింపితే కత్తిరించిన ప్రతి కణుపు నుంచీ రెండేసి చిగుళ్లు వస్తాయి. జూన్ చివరికి వచ్చే పూత వాటి మీదే.